తెల్లగాజు మనిషి

తెల్లగాజు మనిషి ఇంట్లో చేపల తొట్టి ఉంటుంది. అందులో చేపలు ఉండవచ్చు, ఇంకా తేవలసి ఉండవచ్చు. అది పెద్ద విషయం కాదు. చేపల సరదా ఉన్నవాడు తొట్టిలోకి చూస్తాడు, ఇతను తొట్టిని చూస్తాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంటాడు. బయటివాళ్లకు చేపలతో కాలక్షేపం చేస్తున్నట్టే కనిపిస్తుంది. నిజానికి అతని చూపు నీళ్లదాకా వెళ్లదు. నీళ్లకు ఇవతల 12 మిల్లీమీటర్ల గాజు మందంలోనే ఎక్కడో ఆగి, ఆకుపచ్చ ఛాయ ఏమైనా మిగిలిందా అని వెతుకుతూ ఉంటుంది.

ఈ తరహా మనిషి హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి ఊళ్లలో, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో కనబడతాడు. అద్దె ఇళ్లలో అరుదు. నాలుగడుగుల నీళ్ల తొట్టితో వచ్చేవాడికి నవ్వుతూ తాళంచెవి ఇచ్చే యజమాని ఇంకా పుట్టలేదు. వయసు నలభైకి అటూ ఇటూ. పుట్టుకతో ఎవరూ ఇలా ఉండరు. మొదట పిల్లవాడి పుట్టినరోజుకు ఒక గుండ్రటి గాజుగిన్నె, రెండు గోల్డ్‌ఫిష్‌లు వస్తాయి. అవి పోయాక పిల్లవాడి ఏడుపు ఆపడానికి రెండడుగుల రెడీమేడ్ తొట్టి వస్తుంది. ఆపైన వాస్తుకు మంచిదని ఎవరో చెబితే ఫ్లవర్‌హార్న్ వస్తుంది. నుదుటి మీద బొడిపె ఉన్న ఆ చేప ఇంటికి సిరి తెస్తుందని అమ్మినవాడు చెబుతాడు. సిరి వస్తుంది, అమ్మినవాడి ఇంటికి. ఇంతవరకూ ఇది మామూలు సరదాయే. రోగం అంటుకునేది ఒక మధ్యాహ్నం, తొట్టి అంచు మీద ఎండ పడ్డప్పుడు. అంచు సోడా బుడ్డి అడుగులాగా ఆకుపచ్చగా మెరుస్తుంది. అంతకుముందు వెయ్యిసార్లు చూసిన అంచే. కానీ ఆ రోజు నుంచి కిటికీలో, షోకేసులో, డైనింగ్ టేబుల్ పలకలో, ఎదురింటి బాల్కనీ రెయిలింగులో అతనికి ఆకుపచ్చ తప్ప మరొకటి కనబడదు. పచ్చకామెర్ల సామెత ఇతని కోసమే పుట్టినట్టుంటుంది. కాకపోతే ఇక్కడ లోకం నిజంగానే పచ్చగా ఉంది. తప్పు కళ్లది కాదు, ఇనుముది.

గాజుకు మూలం ఇసుక. మామూలు అద్దంలో నూటికి డెబ్బై పాళ్ల పైచిలుకు సిలికా ఉంటుంది. తక్కినది ఎక్కువగా సోడా, సున్నం. ఇసుకతోపాటు కాస్త ఇనుము కూడా వచ్చి చేరుతుంది, పెళ్లివారి బస్సులో పిలవని చుట్టం ఎక్కినట్టు. ఆ కాస్త ఎంతంటే, సుమారు వెయ్యి పాళ్లకు ఒక పాలు. ఆ ఒక్క పాలే ఎరుపు వైపు వెలుగును కొంత మింగేస్తుంది, మిగిలింది ఆకుపచ్చ ఛాయతో బయటికి వస్తుంది. అద్దాన్ని ఎదురుగా చూసినప్పుడు వెలుగు దాటవలసిన దారి కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి రంగు తెలియదు. అంచులోంచి చూస్తే అదే దారి అడుగుల పొడవవుతుంది. అందుకే పలక తెల్లన, అంచు పచ్చన. ఇనుము తక్కువగా ఉన్న ఇసుకను ఏరి చేసిన గాజులో ఆ పాలు పదివేలకు ఒకటి దగ్గరికి దిగుతుంది. తెల్లగాజు అంటే ఇదే. అద్దాల కొట్లలో దీన్ని ఎక్స్‌ట్రా క్లియర్ అంటారు, తొట్లు కట్టేవాళ్లు లో ఐరన్ అంటారు. పిల్కింగ్టన్ ఆప్టివైట్, సెయింట్ గోబెయిన్ డయమంట్, స్టార్‌ఫైర్ అన్నవి దీని కంపెనీ పేర్లు. తెల్లగాజు మనిషి నోట ఇవి ఇంటిపేర్లలా పలుకుతాయి. ఈ గాజు అంచు కూడా బొత్తిగా రంగులేనిది కాదు, లేత నీలం ఛాయ కొడుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఎవరికీ చెప్పడు.

గూడూరు ప్రాంతంలో చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక గాజు కర్మాగారాలకు వెళుతుంది. కుటుంబంతో ఆ దారిన వెళ్లినప్పుడు తెల్లగాజు మనిషి కారు ఆపించి, గుప్పెడు ఇసుక తీసి, అరచేతిలో పరిచి, ఎండకు తిప్పితిప్పి చూస్తాడు. వచ్చింది సముద్రం చూడటానికని పిల్లలు గుర్తు చేయాలి.

రంగులేని గాజు మీద మోజు కొత్తది కాదు. అన్ని గాజుల్లోకీ స్ఫటికంలాంటి రంగులేని గాజుకే విలువ ఎక్కువని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పదిహేనో శతాబ్దంలో వెనిస్ పక్కనున్న మురానో ద్వీపపు పనివాళ్లు మాంగనీసు కలిపి పచ్చదనాన్ని విరిచారు. ఆ మాంగనీసుకు గాజువాళ్ల సబ్బు అని పేరు. సబ్బు ఎక్కువైతే గాజు ఊదారంగుకు తిరుగుతుంది. అయితే ఇవన్నీ తాగే గ్లాసుల సంగతులు. చేపల తొట్టికి ఈ బెంగ చాలా ఆలస్యంగా పట్టుకుంది. లండన్ జంతుప్రదర్శనశాలలో జనం చూడటానికి మొదటి చేపల ఇల్లు తెరిచింది 1853లో. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గోస్ ‘ది అక్వేరియం’ అనే పుస్తకం వేసి ఇంగ్లండులో ఇంటింటా తొట్టి పెట్టించాడు. ఆ కాలపు తొట్లకు ఇనుప చట్రం, పలకరాతి అడుగు, సందుల్లో పుట్టీ. చట్రంలోనే మణుగుల ఇనుము కనబడుతుంటే, గాజులో వెయ్యోవంతు ఇనుము గురించి ఎవరు అడుగుతారు?

1959లో పిల్కింగ్టన్ కంపెనీ ప్రకటించిన పద్ధతిలో కరిగిన తగరం మీద గాజును తేలుస్తూ పలకలు తీశారు. వంకరలు లేని అద్దం చవకైంది. 1960లలో సిలికాన్ జిగురు తొట్ల పనిలోకి వచ్చింది. గాజును గాజుకే అంటించి నీళ్లు నింపగలిగాక చట్రం అవసరం తీరిపోయింది. జపాన్‌లో తకాషి అమానో 1982లో పెట్టిన సంస్థ, చట్రం లేని తొట్లలో పచ్చిక బయళ్లనూ కొండలోయలనూ నీళ్లలో పెంచి చూపి, ప్రపంచానికి ఆ రుచి మప్పింది. చట్రం పోయింది కాబట్టి అంచు బయటపడింది. అంచు బయటపడింది కాబట్టి పచ్చదనం బయటపడింది. తెల్లగాజు మనిషి పుట్టుక ఇంజనీరింగు ప్రగతిలో భాగమే.

అతను తొట్టి కట్టించే తీరు ఒక క్రమంలో సాగుతుంది. ముందు అద్దాల కొట్టుకు వెళ్లి, గోడకు ఆనించిన పలకల వరుస ముందు మోకాళ్ల మీద కూర్చుని అంచులు చూస్తాడు. కొట్టు కుర్రాడు సార్‌కు కళ్లు తిరిగాయనుకుని మంచినీళ్లు తెస్తాడు. తెల్ల కాగితం ఇంటినుంచే తెచ్చుకుంటాడు. కాగితం మీద మామూలు గాజు ముక్క, పక్కన ఎక్స్‌ట్రా క్లియర్ ముక్క పెట్టి, అంచులు పోల్చి చూడటం నిజానికి సరైన పరీక్షే. మామూలు గాజును మేలిరకమని అంటగట్టే బేరగాళ్లు లేకపోలేదు. పరీక్ష నెగ్గాక మామూలు గాజు ముక్కను జేబులో వేసుకుని ఇంటికి తెస్తాడు. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు ఉండే ఆ ముక్క ఇకపై అతని జీవితంలో ముఖ్య పాత్ర వహిస్తుంది.

తొట్టి కట్టేవాడు అనుభవజ్ఞుడు. “ముందు పలక ఒక్కటి లో ఐరన్ వేయించుకోండి సార్. వెనక ఎలాగూ నల్ల స్టిక్కరే. అడుగున ఇసుక పోస్తారు. దండగ ఖర్చు,” అంటాడు. ఈ వ్యాసం మొత్తంలో ఇంతకన్నా తెలివైన మాట లేదు. తెల్లగాజు మనిషి తలూపి ఒప్పుకుని ఇంటికి వెళతాడు. రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే ఫోను చేస్తాడు: “అన్నా, పక్కలు రెండూ కూడా అదే వేసెయ్.” మధ్యాహ్నం మళ్లీ: “వెనకది కూడా అన్నా. అడుగు మాత్రం వద్దు, అంత పిచ్చి నాకు లేదు.” సాయంత్రం వచ్చే ఫోను గురించి చెప్పనక్కరలేదు.

కొలతలు నాలుగడుగులు, రెండడుగులు, రెండడుగులు. నిండా పోస్తే సుమారు 450 లీటర్ల నీళ్లు. అద్దం మీద ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది, పొడవును బట్టి కాదు. రెండడుగుల లోతుకు కట్టేవాళ్లు 12 మిల్లీమీటర్ల పలక వాడతారు. ఖాళీ తొట్టే 90 కిలోల దాకా తూగుతుంది. నీళ్లు, రాళ్లు, స్టాండు కలిపితే అర టన్ను దాటుతుంది. అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టదు కాబట్టి పలకలు విడివిడిగా వచ్చి హాల్లోనే అంటుకుంటాయి. సిలికాన్ ఆరేదాకా ఇల్లంతా వెనిగర్ వాసన కొడుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఏ పచ్చడి వడ్డించినా పాడైందేమోనని అందరూ వాసన చూసి మరీ కలుపుకుంటారు. తొట్టి అడుగున ఒత్తిడి సమంగా పడటానికి థర్మకోల్ షీటు వేస్తారు. కొత్త ఫ్రిజ్ అట్టపెట్టెలోంచి వచ్చిన షీటుతో సరిపెట్టమని ఇంటి ఇల్లాలు ఇచ్చిన సలహా తిరస్కరణకు గురవుతుంది. ఆవిడకు ఈ వ్యవహారం మొదటినుంచీ అంతుబట్టదు. “గాజులు పచ్చగా ఉండాలనే కదండీ ఎవరైనా కోరుకుంటారు,” అంటుంది. సీమంతానికీ పెళ్లికీ పచ్చగాజులు తొడిగే ఇంట, గాజులోంచి పచ్చదనం తీయించడానికి అంత డబ్బు పోయడం ఆవిడ తల్లికి అపశకునంగా కూడా తోస్తుంది. “అల్లుడుగారు చదువుకున్నవారు, వారికే తెలియాలి,” అని ఆమె ఊరుకుంటుంది.

అసలు చిక్కు నీళ్లు నింపిన తర్వాత మొదలవుతుంది. గాజు ఎంత మేలైనదైతే అంత కనబడదు. డబ్బంతా కనబడకపోవడానికి పోసి, అది కనబడటం లేదని నలుగురూ గమనించాలని కోరుకోవడంలోనే తెల్లగాజు మనిషి కష్టమంతా ఉంది. మయసభలో గాజు ఎంత గొప్పదో తేలడానికి దుర్యోధనుడి నుదురు కావలసి వచ్చింది. స్ఫటికపు గోడను ద్వారమనుకుని ఢీకొన్నాడు కాబట్టి మయుడికి పేరొచ్చింది. అపార్ట్‌మెంటుకు అంతటి అతిథులు రారు. వచ్చేవాళ్లు కాఫీ తాగుతూ తొట్టివైపు చూసి, “చేపలు బాగున్నాయి,” అంటారు. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంటుంది. పెళ్లికొడుకు మెడలో దండ బాగుందన్నట్టు అనిపిస్తుంది.

అప్పుడు సొరుగులోంచి ముక్క బయటికి వస్తుంది. తెల్లగాజు మనిషి దాన్ని తొట్టి అంచు పక్కన ఆనించి, ఫోను టార్చి వేసి, “ఇప్పుడు చూడండి,” అంటాడు. అతిథి చూస్తాడు. ఎక్కడ చూడాలో తెలియక చేపను చూస్తాడు. “అది కాదు, ఇటు, ఈ అంచు.” అతిథి కాఫీ కప్పు పక్కన పెట్టి వంగుతాడు. కొంత సేపటికి, “అవునవును, తేడా ఉంది,” అంటాడు, కొత్త కళ్లజోడు పెట్టి కళ్లడాక్టరు వేసే ప్రశ్నకు జవాబిచ్చే గొంతుతో. ఇంటికి తరచుగా వచ్చే బావమరిది మాత్రం గుమ్మంలోనే చేతులెత్తేస్తాడు. “తేడా ఉంది బావగారూ, పోయిన ఆదివారమే చూశాను.”

తేడా ఎంతో లెక్క చూస్తే ఇలా ఉంటుంది. 6 మిల్లీమీటర్ల మామూలు అద్దం గుండా నూటికి సుమారు 88 పాళ్ల వెలుగు వెళుతుంది, తెల్లగాజు గుండా సుమారు 91. మందం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. మిగతా తొమ్మిది పాళ్లలో ఎక్కువ భాగం లోపల పోయేది కాదు, పైనుంచి తిరిగి వచ్చేది. గాలికీ గాజుకూ మధ్య ప్రతి ముఖం దగ్గరా నూటికి నాలుగు పాళ్ల వెలుగు వెనక్కి తిరుగుతుంది. ఎంత ఇనుము తీసేసినా ఈ నాలుగూ నాలుగూ తప్పవు. విచిత్రమేమిటంటే, తొట్టిలో నీళ్లు పోయగానే లోపలి ముఖం దగ్గర తిరిగి వచ్చే వెలుగు అర పాలుకన్నా తక్కువకు పడిపోతుంది. గాజుకూ నీళ్లకూ వక్రీభవనంలో అంత దగ్గరి చుట్టరికం. అంటే పలచటి పలక విషయంలో వేలు పోసి కొన్న మూడు పాళ్ల లాభాన్ని, పంపు నీళ్లు ఉచితంగా ఇచ్చేశాయన్నమాట. దీన్ని తెల్లగాజు మనిషి ముందు లెక్కగట్టి చెప్పేవాళ్లకు రెండో కప్పు కాఫీ రాదు.

నీళ్లు మాత్రం ఏం తక్కువ తిన్నాయి? శుద్ధమైన నీళ్లు కూడా ఎరుపును మింగుతాయి. ముదురు ఎరుపు వెలుగులో దాదాపు ఐదోవంతు రెండడుగుల నీళ్లు దాటేసరికే మాయమవుతుంది. వెనక గోడకు ఆనుకుని తిరిగే ఎర్ర చేప రంగు తగ్గి కనిపిస్తే ఆ నేరం గాజుది కాదు. ఇనుమునైతే తీసేయించవచ్చు గాని, నీళ్లలోంచి నీళ్లను తీసేయించలేరు. పైగా పక్క పలకలు తెల్లగాజువైనా, ముందునుంచి ఏటవాలుగా చూసినప్పుడు వెలుగు బయటికి పోలేక లోపలికే తిరిగి వచ్చి, అవి అద్దాల్లా మెరుస్తాయి. వాటిలోంచి అవతల గోడ కనబడదు, ఇవతలి చేపే రెండోసారి కనబడుతుంది. పక్కలకు పెట్టిన ఖర్చంతా సోఫాలో కూర్చున్నవాళ్లకు మరో రెండు చేపలుగా ముట్టిందన్నమాట.

చేపల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మనిషి కంట్లో రంగు పోల్చే కణాలు మూడు రకాలు, గోల్డ్‌ఫిష్ కంట్లో నాలుగు. మనకు కనబడని అతినీలలోహిత వెలుగు కూడా దానికి కనబడుతుంది. గాజు ఛాయ మీద అభిప్రాయం చెప్పే అర్హత ఆ ఇంట్లో నిజంగా ఉన్నది దానికే. అది అడుగున ఇసుక నోట్లో వేసుకుని ఉమ్మేస్తూ తిరుగుతూ ఉంటుంది.

తెల్లగాజుకు శత్రువులు ఎక్కువ. బోరు నీళ్లు చిందిన చోట సుద్ద మరకలు కడతాయి. కొత్త తొట్టిలో మొదటి వారాల్లో గోధుమరంగు పాచి, తర్వాత గాజునే పట్టుకుని వదలని ఆకుపచ్చ చుక్కల పాచి వస్తాయి. పదివేలకు ఒక పాలును మించి ఇనుముకు చోటివ్వని పలక మీద ప్రకృతి తన ఆకుపచ్చను ఉచితంగా పూసి వెళుతుంది. అలంకారానికి పెట్టిన కొయ్య నుంచి సారం దిగి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. అన్నిటికన్నా ఘోరం అయస్కాంతపు స్క్రాపరు. పాచి గీకడానికే కొన్న ఆ పరికరం కింద ఒక్క ఇసుక రేణువు చిక్కితే, పలక ఈ చివరినుంచి ఆ చివరిదాకా గీత పడుతుంది. ఆ గీత ఇంట్లో మరెవరి కంటికీ ఆనదు. తెల్లగాజు మనిషి మాత్రం దాన్ని కుర్చీలోంచి, సోఫాలోంచి, వంటింటి గుమ్మంలోంచి, దీపం ఆర్పేశాక మంచం మీంచి కూడా చూడగలడు. పిల్లలు తొట్టికి ముక్కులు ఆనించడం నిషేధం. చేపలను దగ్గరగా చూడాలనిపిస్తే వాళ్లు పక్కింటికి వెళతారు. అక్కడ రెండడుగుల పచ్చంచు తొట్టి ఉంది, ఎంతసేపైనా ఆనుకోవచ్చు.

ఈ జాతిలో ఉపజాతులు కొన్ని ఉన్నాయి. ముందు పలక మాత్రమే తెల్లగాజు వేయించినవాడు నిత్యం పక్క పలకలతో పోల్చుకుంటూ కుమిలిపోతాడు. అక్రిలిక్ మనిషి గాజునే ఒప్పుకోడు. జపాన్‌లోని ఒకినావా చురావుమి అక్వేరియంలో 60 సెంటీమీటర్ల మందమున్న అక్రిలిక్ పలక వెనక తిమింగల సొరలు తిరుగుతున్నాయని గుర్తు చేస్తాడు. అక్రిలిక్‌లో పచ్చదనం లేని మాట నిజమే. మెత్తగుడ్డతో గట్టిగా తుడిచినా గీతలు పడే మాటా నిజమే.

ఇద్దరు తెల్లగాజు మనుషులు కలుసుకోవడం చూడదగ్గ ఘట్టం. వచ్చినవాడు నమస్కారం పెట్టీ పెట్టకముందే అంచు దగ్గరికి వెళతాడు. ఇంటివాడు సొరుగు తీయబోతే, “అక్కర్లేదు, తెచ్చుకున్నాను,” అని తన ముక్క తానే తీస్తాడు. రెండు ముక్కలూ, రెండు టార్చీలూ. సిలికాన్ నల్లది మేలా, తెల్లది మేలా అన్న దగ్గర కాస్త మాట పెరుగుతుంది. భోజనాల వేళకు సర్దుకుంటుంది. వీడ్కోలు సమయంలో ఒకరి తుడిచే గుడ్డ మరొకరు తీసుకుంటారు. ఆ తొట్టిలో ఏ చేపలున్నాయని దారిలో భార్య అడిగితే, వచ్చినవాడు ఆలోచనలో పడతాడు.

చివరికి తొట్టి అమ్మకానికి వస్తుంది. బదిలీ కావచ్చు, హాల్లో అత్తగారికి మంచం వేయవలసి రావచ్చు. కొనడానికి వచ్చేది సాధారణంగా కొత్తగా సరదా పట్టిన కుర్రాడు. అతని ప్రశ్నలు నాలుగే: ఎన్ని లీటర్లు, కారుతుందా, స్టాండు కూడా ఇస్తారా, ట్రాలీ ఆటోలో పడుతుందా. గాజు ఏ రకమని అడగడు. తెల్లగాజు మనిషి కాసేపు ఓపిక పట్టి, పట్టలేక, సొరుగు తెరిచి ముక్క తీస్తాడు. అంచు పక్కన ఆనించి, టార్చి వేసి, ఇనుము గురించి, వెయ్యికి ఒక పాలు గురించి, పదివేలకు ఒక పాలు గురించి చెబుతాడు. కుర్రాడు మర్యాదగా వింటాడు. అంచును చూస్తాడు, ముక్కను చూస్తాడు. ముక్కను చేతిలోకి తీసుకుని తొట్టి పైన మేత వేసే సందు మీద పెట్టి చూస్తాడు.

“సార్, ఇది కూడా ఇచ్చేస్తారా? మూతకు సరిగ్గా సరిపోయింది. మా దాంట్లో ఎగిరే చేప ఒకటుంది.”

బేరం అక్కడ కుదురుతుంది. నలుగురు మనుషులు తొట్టిని మెట్ల మీదుగా దించి, ట్రాలీ ఆటోలో పరుపు వేసి ఎక్కిస్తారు. ముక్క ఎక్కడా పడిపోకుండా కుర్రాడు దాన్ని సందు మీదే టేపుతో అంటిస్తాడు. ఆటో వీధి చివర మలుపు తిరిగే సరికి ఎండలో తొట్టి కనబడదు; దాని మీద జానెడు పొడవున ఆకుపచ్చ గీత ఒకటి కదులుతూ వెళుతుంది.